గ్యాస్ నొప్పేలే అనుకుని షిఫ్ట్ పూర్తి చేసేవాళ్ల గురించి

మా ప్లాంట్‌లో ఈ నెల నుంచి ఒక కొత్త నియమం వచ్చింది. షిఫ్ట్ మధ్యలో ఒంట్లో బాగోలేదని ఓహెచ్‌సీకి, అంటే ప్లాంట్ లోపలే ఉండే చిన్న వైద్య కేంద్రానికి, వెళ్లిన కాంట్రాక్ట్ వర్కర్‌కి ఆ రోజు హాజరు కట్ చేయకూడదు, డాక్టర్ ఇంటికి పంపేసినా సరే పూర్తి మస్టర్ పడాలి. నోటీసు బోర్డు మీద నాలుగు లైన్ల కాగితం, అంతే. చాలామంది చదవకుండానే క్యాంటీన్ వైపు వెళ్లిపోయారు. సేఫ్టీ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే నాకు మాత్రం ఈ మధ్య మా దగ్గర జరిగినవాటిలో ఇదే పెద్ద వార్త. కొత్త ఫైర్ పంపు వచ్చినప్పుడు ఫోటోలు తీసి అందరికీ పంపారు, ఈ కాగితాన్ని ఎవరూ ఫోటో తీయలేదు. అందుకే రాస్తున్నా.

మాది విశాఖపట్నం దగ్గర పరవాడ, అచ్యుతాపురం వైపు ఉండే బల్క్ డ్రగ్ ప్లాంట్, అంటే మందుల ముడిసరుకు తయారుచేసేది. ఓహెచ్‌సీ అంటే రెండు మంచాలు, ఒక నర్సు, పగలు డాక్టరు, బయట అంబులెన్సు. గేటు లోపలికి వచ్చేవాళ్లలో పర్మినెంట్ వాళ్ల కంటే కాంట్రాక్ట్ వాళ్లే ఎక్కువ. వాళ్లకి ఒక రోజు హాజరు పోతే ఆ రోజు కూలీతో ఆగదు, ఓటీ పోతుంది, నెలంతా మానకుండా వస్తే ఇచ్చే అటెండెన్స్ డబ్బులు పోతాయి, పైగా రెండుసార్లు ఇలా జరిగితే మేస్త్రీ ఇంకో కుర్రాణ్ణి తెచ్చుకుంటాడు. అలాంటప్పుడు తల తిరుగుతోందని ఎవడు చెబుతాడు? ముఖం కడుక్కుని, కాసేపు మెట్ల మీద కూర్చుని, మళ్లీ డ్రమ్ములు దొర్లించడానికి లేస్తాడు.

ఈ నియమం ఊరికే రాలేదు. కొన్ని నెలల కిందట నైట్ షిఫ్ట్‌లో ఒక ఆపరేటర్‌కి తెల్లవారుజామున ఛాతీ పట్టేసింది. వయసు నలభై దాటింది, మంచి పనిమంతుడు, రసాయనాలు కలిపి వండే రియాక్టర్ చప్పుడు విని లోపల ఏం జరుగుతోందో చెప్పగలడు. పక్కనున్న హెల్పర్ కుర్రాడు చూసేసరికి చొక్కా మొత్తం తడిసిపోయి ఉందట, ఆ బ్లాక్‌లో అప్పుడు అంత వేడి లేదు. "ఏంటన్నా, అలా అయిపోయావేంటి?" అంటే, "గ్యాస్ రా, రాత్రి బజ్జీలు తిన్నాను, చార్జింగ్ అయిపోతే పడుకుంటా" అన్నాడట. చార్జింగ్ అంటే రియాక్టర్‌లోకి ముడిసరుకు పోయడం. ఎడమ భుజం రుద్దుకుంటూ ఇంకో బస్తా ఎత్తబోయాడట. ఆ కుర్రాడు ఆయన మాట వినలేదు. చార్జింగ్ ఆపించి, షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కి ఫోన్ చేసి, వద్దంటున్న మనిషిని రెక్క పట్టుకుని ఓహెచ్‌సీకి నడిపించబోతే నర్సు నడిపించొద్దని స్ట్రెచర్ పంపింది. ఈసీజీ తీస్తే గుండెపోటే. మా దగ్గర్నుంచి స్టెంట్ వేసే ఆసుపత్రికి దాదాపు గంట ప్రయాణం. ఆ గంట అప్పుడే మొదలైంది కాబట్టి మనిషి దక్కాడు. ఆరింటికి షిఫ్ట్ దిగాక మొదలై ఉంటే ఏమయ్యేదో డాక్టర్ గారు వాళ్లావిడకి చెప్పిన తీరు విన్నాను, ఇక్కడ రాయలేను.

తర్వాత ఆయన్ని చూడ్డానికి ఇంటికి వెళ్తే తెలిసింది, ఆయనకి బీపీ ఉందని రెండేళ్లుగా తెలుసు. మాత్రలు టిఫిన్ బాక్సు కింద అరలో పెట్టుకుని వచ్చేవాడు. పీరియాడిక్ మెడికల్ అంటే ఏడాదికోసారి చేసే పరీక్షలకి ముందు మూడు రోజులు ఉప్పు మానేసి, మాత్ర రెండు పూటలా వేసుకుని వచ్చేవాడట, రీడింగ్ తక్కువ రావాలని. ఎందుకంటే బీపీ అని తేలితే 'అన్‌ఫిట్' అని రాస్తారేమో, రాస్తే రియాక్టర్ మీద నుంచి తీసేస్తారేమో, తీసేస్తే షిఫ్ట్ అలవెన్సు పోతుందేమో. వాళ్లావిడ అక్కడే నిలబడి, "అన్నయ్యగారూ, ఈయన నాకూ చెప్పలేదండీ" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

మగాళ్లు ఆరోగ్యం పట్టించుకోరు, అదొక మొండితనం, చదువు లేకపోవడం అని చాలా తేలిగ్గా అనేస్తారు. నేను ఒప్పుకోను. మా ఆపరేటర్ తన ఆరోగ్యాన్ని బాగానే పట్టించుకున్నాడు, మాత్రలు వేళకి వేసుకున్నాడు, దాచడం ఒక్కటే చేశాడు. నిజం చెబితే డబ్బు పోయే చోట నిజం దాచడం తెలివితక్కువతనం కాదు కదా, లెక్క. ఆ లెక్క మార్చకుండా ఆరోగ్య అవగాహన అని పోస్టర్లు అంటించి ఏం లాభం? దేశంలో 15 ఏళ్లు దాటిన మగాళ్లలో దాదాపు నూటికి 24 మందికి బీపీ ఎక్కువ ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఆ లెక్కన మా ఒక్క షిఫ్ట్‌లోనే ఎంతమంది ఉండాలి, మా మెడికల్ రికార్డుల్లో ఎంతమంది కనిపిస్తున్నారు అని పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఎంత దాస్తున్నారో అర్థమవుతుంది.

అందుకే మా డాక్టర్ గారు పట్టుబట్టిన రెండో మార్పు నాకు ఇంకా నచ్చింది. పరీక్షల రీడింగులు ఇకపై ఓహెచ్‌సీ దాటి హెచ్‌ఆర్‌కి పోవు. హెచ్‌ఆర్‌కి వెళ్లేది ఆ మనిషి ఏ పని చేయొచ్చు, ఏ పని చేయకూడదు అన్నంత వరకే. బీపీ మందులతో అదుపులో ఉంటే రియాక్టర్ మీద పని చేయొచ్చు, ఎత్తు మీద పని మాత్రం కొన్నాళ్లు వద్దు, ఇలా. ఇందులో కొత్త చట్టం ఏమీ లేదు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన 41-సీ సెక్షన్‌లోనే ప్రమాదకర రసాయనాలతో పనిచేసేవాళ్ల ఆరోగ్య రికార్డులు ఉంచాలనీ, పనిలో పెట్టే ముందూ ఆ తర్వాత 12 నెలలు మించకుండా పరీక్షలు చేయాలనీ ఉండేది. ఆ రికార్డు చూసుకునే హక్కు వర్కర్‌కి ఉంది. ఇన్నేళ్లలో నా రికార్డు చూపించండి అని అడిగిన వర్కర్ నాకు తారసపడలేదు. అడగొచ్చని చెప్పినవాళ్లూ లేరు.

ఇప్పుడు మీకు అనిపించొచ్చు, సేఫ్టీ వాడివి, గుండెపోట్ల గురించి ఎందుకు రాస్తున్నావు, మంటలు, గ్యాస్ లీకుల గురించి రాయి అని. నా దృష్టిలో రెండూ ఒకటే. వాల్వు దగ్గర చుక్క చుక్కగా కారుతున్న సాల్వెంట్ (రసాయనాల్ని కరిగించే ద్రావకం) చూసి 'తర్వాత చెబుదాంలే, ఇప్పుడు చెబితే బ్యాచ్ ఆపుతారు, నన్నే అడుగుతారు' అనుకునేవాడూ, ఛాతీ నొప్పి దాచుకునేవాడూ ఒకే మనిషి. ఒకే భయం.

2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర ఆర్ఆర్ వెంకటాపురంలో ఏం జరిగిందో మా ప్రాంతంలో ఎవరూ మర్చిపోలేదు. ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకులో నిల్వ ఉన్న, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ లాక్‌డౌన్ రోజుల్లో లోలోపల వేడెక్కి, ఆవిరై ఊరి మీదకి వచ్చింది. 12 మంది పోయారు. నిద్రలో నుంచి లేచి చీకట్లో పరుగెత్తినవాళ్లు రోడ్ల మీద పడిపోయిన వీడియోలు అందరూ చూశారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదికలో నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వని విషయం ఒకటుంది: ప్లాంట్‌లో 36 చోట్ల నుంచి అలారం మోగించే వీలుండి కూడా ఆ రాత్రి సైరన్ మోగలేదు. ట్యాంకు పాతది, ఉష్ణోగ్రత కొలిచేది అడుగున మాత్రమే ఉంది, పాలిమర్‌గా మారకుండా ఆపే రసాయనం చాలినంత లేదు, అవన్నీ సాంకేతిక కారణాలు, వాటి మీద నివేదికలు రాయొచ్చు. కానీ సైరన్ మోగడానికి ఒక బటన్ నొక్కాలి, అంతే కదా. ఆ రాత్రి అక్కడ ఉన్నవాళ్ల మనసులో ఏముందో నేను చెప్పలేను. మా దగ్గర మాత్రం ఇండక్షన్ క్లాసులో కొత్తవాళ్లని ఒక ప్రశ్న అడుగుతాను, "అనుమానం వచ్చింది, సైరన్ కొట్టావు, తీరా చూస్తే ఏమీ లేదు, అప్పుడు నిన్నేం చేస్తారు?" అని. దాదాపు ప్రతిసారీ వచ్చే జవాబు, "తిడతారు సార్."

ఆ జవాబు మారేదాకా మిగతావన్నీ పైపైన పూతలే.

అచ్యుతాపురం సెజ్‌లో 2024 ఆగస్టు 21న మధ్యాహ్నం ఎసెన్షియా ప్లాంట్‌లో ఎంటీబీఈ అనే సాల్వెంట్ కారి, ఆవిరి కమ్ముకుని పేలింది. 17 మంది చనిపోయారు, వాళ్లలో అప్పుడే చదువు ముగించుకుని ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లూ ఉన్నారు. ఆ సాయంత్రం మా గేటు బయట ఆటోల దగ్గర నిలబడినవాళ్లలో సగం మంది ఇంటికి ఫోన్ చేసి "నాది ఆ కంపెనీ కాదమ్మా" అని చెప్పుకుంటున్నారు. ఆ తర్వాతి ఏడాది జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో సిగాచి అనే కంపెనీ ప్లాంట్‌లో పేలుడు. 50 మందికి పైగా ప్రాణాలు పోయాయి, వాళ్లలో చాలామంది ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ లాంటి చోట్ల నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్లు. ఎవరు లోపల ఉన్నారు, ఎవరు బయటపడ్డారు అని తేలడానికే రోజులు పట్టింది. డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. కొందరి ఆనవాళ్లే దొరకలేదు.

లోపల ఎంతమంది ఉన్నారన్న ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పగలగడం, అత్యవసర పరిస్థితికి సిద్ధంగా ఉండటంలో ఇదే మొదటిది అని నేను నమ్ముతాను. ఈ నెల మా మాక్ డ్రిల్‌లో చూసింది కూడా ఇదే. ప్రమాదకర రసాయనాల నిల్వ గురించి 1989లో వచ్చిన నియమాల ప్రకారం ఆరు నెలలకోసారి ప్లాంట్‌లో మాక్ డ్రిల్ చేయాలి. అందరూ చేస్తారు. ఎలా చేస్తారంటే, ఉదయం పదకొండింటికి, ఎండ మరీ ముదరకముందు, ముందురోజే అందరికీ తెలిసి, ఫోటోగ్రాఫర్ వచ్చాక సైరన్ మోగుతుంది, జనం మాట్లాడుకుంటూ అసెంబ్లీ పాయింట్‌కి నడుస్తారు, స్ట్రెచర్ మీద పడుకోవడానికి ముందే ఒప్పుకున్న కుర్రాడు కళ్లు మూసుకుంటాడు, ఇన్ని నిమిషాల్లో ఖాళీ చేశాం అని రిజిస్టర్‌లో రాస్తారు. ఈసారి మేం ఎవరికీ చెప్పలేదు, సరిగ్గా భోజనాల వేళ కొట్టాం.

మొదట జరిగింది ఏంటంటే, చాలామంది గాలి సంచి వైపు చూడలేదు. పైన ఎర్రగా తెల్లగా చారలతో ఎగిరే గుడ్డ గొట్టం ఉంటుంది కదా, అది ఎటు ఊగుతోందో చూసి గాలికి అడ్డంగా వెళ్లి, ఆ తర్వాత గాలి వచ్చే వైపు ఉన్న అసెంబ్లీ పాయింట్‌కి చేరాలి. లీకు ఉన్న వైపు నుంచి గాలి తగులుతుంటే ఆ గాలితో పాటే పోకూడదు. మాకు రెండు పాయింట్లు ఉన్నాయి, జనం అలవాటు కొద్దీ గేటు దగ్గరున్న దానికే వచ్చేశారు. నిజంగా లీకైతే ఆ రోజు గాలికి అదే తప్పు వైపు.

రెండోది ఇంకా పెద్దది. తల లెక్క కుదరలేదు. గేటు దగ్గర పంచ్ అయినవాళ్లు ఒక అంకె, కాంట్రాక్టర్ల మస్టర్లు కలిపితే ఇంకో అంకె, అసెంబ్లీ పాయింట్ దగ్గర నిలబడ్డవాళ్లు మూడో అంకె. ఒక కాంట్రాక్టర్ మనుషులు పక్క కాంట్రాక్టర్ పనికి వెళ్లారు, కాగితం మీద లేదు. లారీ డ్రైవర్, క్లీనర్ విజిటర్ పుస్తకంలో ఉన్నారు, ఆ పుస్తకం సెక్యూరిటీ గదిలోనే వదిలేసి సెక్యూరిటీ వాళ్లు బయటికొచ్చేశారు. చాలాసేపు వెతికాక ట్యాంక్ ఫామ్ వెనకాల ఒకతను పైపులకి రంగు వేస్తూ కనిపించాడు, ఒడిశా నుంచి వచ్చినవాడు. సైరన్ వినలేదా అంటే విన్నాడు. మైకులో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చెప్పింది అర్థం కాలేదు, మేస్త్రీ రమ్మనలేదు, కాబట్టి పని చేసుకుంటున్నాడు. బ్రష్షు చేతిలోనే పట్టుకుని మా అందరి మొహాలూ చూసి తప్పు చేశానేమో అని బెదిరిపోయాడు. తప్పు అతనిది ఎలా అవుతుంది? ఇప్పుడు అనౌన్స్‌మెంట్లు ఒడియాలోనూ హిందీలోనూ రికార్డు చేయిస్తున్నాం. ఆ ఒడియా గొంతు మా క్యాంటీన్‌లో పనిచేసే ఆయనది, ఎంతో శ్రద్ధగా పదిసార్లు చెప్పించుకుని చదివాడు.

ఇంకో సంగతి, ఇది మగాళ్లకి మరీ ముఖ్యంగా చెప్పాలి. ట్యాంకులోనో సంపులోనో ఎవరైనా పడిపోతే వెంటనే దూకేయొద్దు. మన మంచితనమే మనల్ని చంపుతుంది అక్కడ. మామూలు గాల్లో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది, 19.5 కంటే తగ్గితే లోపలికి పోనివ్వం. నైట్రోజన్ నింపిన రియాక్టర్‌లో అది ఇంకెంత తగ్గిందో కంటికి కనిపించదు, వాసన రాదు, రెండు మూడు ఊపిరుల్లో మనిషి కూలిపోతాడు. హైడ్రోజన్ సల్ఫైడ్ అయితే మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, మోతాదు 100 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో వంద పాళ్లు) దాకా పెరిగేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, పోయిందిలే అనుకుంటారు. దిగినవాణ్ణి తీయడానికి తమ్ముడు దిగుతాడు, వాళ్లిద్దరి కోసం బావ దిగుతాడు. పేపర్లో సెప్టిక్ ట్యాంకు మరణాల వార్త చూడండి, ఎన్నిసార్లు ఒకే ఇంట్లోవాళ్లు ఉంటారో. గ్యాస్ మీటర్, సిలిండర్ మాస్క్, నడుముకి తాడు, పైన ఒక మనిషి, ఇవి లేకుండా దిగనన్నవాణ్ణి పిరికివాడనొద్దు. ప్రాణాపాయం అనిపిస్తే పై అధికారికీ సేఫ్టీ కమిటీకీ చెప్పే హక్కు పాత ఫ్యాక్టరీల చట్టం 41-హెచ్ సెక్షన్ కిందే ఉండేది, ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లోనూ (వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్) ఉంది.

సిలిండర్ మాస్క్ అన్నాను కాబట్టి గడ్డం సంగతి. మాస్క్ అంచు చర్మానికి అతుక్కోవాలి. మధ్యలో నాలుగు రోజుల గడ్డం ఉన్నా సీల్ పట్టదు, సందులోంచి గ్యాస్ లోపలికి వస్తుంది. మా వైపు కార్తీకం వచ్చిందంటే బ్లాకుకి ఇద్దరు ముగ్గురు స్వాములు ఉంటారు. నలభై ఒక్క రోజులు గడ్డం తీయరు, చెప్పులు వేసుకోరు. సాల్వెంట్ ప్లాంట్‌లో సేఫ్టీ షూ లేకుండా అడుగు పెట్టలేం, యాసిడ్ చుక్క పడుతుందనే కాదు, ఆ బూట్లు ఒంట్లో పుట్టే స్టాటిక్ కరెంటుని నేలలోకి పంపిస్తాయి, అది లేకపోతే చిన్న రవ్వ చాలు. దీని మీద ప్రతి ఏడాదీ గొడవలే. దీక్షని అవమానించారని ఒకరు, రూలు రూలే అని ఇంకొకరు. ఇప్పుడు మేం చేసేది, మాల వేసుకోవాలనుకునేవాళ్లు నెల ముందే చెప్పాలి, ఆ నలభై రోజులూ వాళ్లకి బయట పని, స్టోర్స్, డాక్యుమెంట్లు, గార్డెన్, జీతం తగ్గకుండా. ఎమర్జెన్సీ టీమ్ జాబితాలో నుంచి ఆ పేర్లు తీసి వేరేవాళ్లని వేస్తాం. గొడవ అక్కడితో పోయింది. పైగా ఈ నలభై రోజులే మా నర్సుకి మంచి అవకాశం. మందు, సిగరెట్టు మానేసి, పొద్దున్నే లేచి, ఇంటి తిండి తిన్న మనిషికి బీపీ చూసి, "స్వామీ, చూశారా, మాల ముందు ఎంత ఉంది, ఇప్పుడెంత ఉంది" అని చూపిస్తుంది. అలా మాల తీసేశాక కూడా మానేసినవాళ్లు మా దగ్గర ఉన్నారు. ఏ పోస్టరూ చేయలేని పని అది.

పొగాకు విషయంలో మాత్రం మా ప్లాంట్లే ఒక చెడు చేస్తున్నాయని నా అనుమానం. గేటు దగ్గర అగ్గిపెట్టె, లైటర్ తీసేసుకుంటారు, తీసుకోవాల్సిందే. ఎనిమిది గంటలు, ఓటీ అయితే పన్నెండు గంటలు, సిగరెట్టు లేదు. దాంతో కాల్చేవాళ్లు కూడా ఖైనీకి, గుట్కాకి మారిపోతారు, దవడలో పెట్టుకుంటే ఎవరికీ కనపడదు. ఇందాక చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే 15 ఏళ్లు దాటిన మగాళ్లలో నూటికి 38 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని ఉంది. మొన్న డెంటల్ క్యాంపులో డాక్టరమ్మ ఒక చిన్న పరీక్ష చేయించింది, మూడు వేళ్లు కలిపి నిలువుగా నోట్లో పెట్టమంది. పట్టాలి. మా కుర్రాళ్లలో పాతికేళ్లవాళ్లకి కూడా రెండు వేళ్ల దగ్గరే ఆగిపోయింది కొందరికి. దవడ లోపలి చర్మం బిగుసుకుపోయి నోరు తెరుచుకోకపోవడం అది, క్యాన్సర్‌కి దారితీయగలిగేది. కారం తింటే మంట, రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్ల మచ్చ, వీటిలో ఏది ఉన్నా చూపించుకోండి. దయచేసి.

నీళ్ల గురించి కూడా ఒక మాట. పౌడర్ ప్రాసెసింగ్ ఏరియాలో పనిచేసేవాళ్లు గౌను, హుడ్, బూట్ కవర్లు అన్నీ వేసుకుని లోపలికి వెళ్తారు, బాత్రూంకి వెళ్లాలంటే మొత్తం విప్పి, మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. కాబట్టి షిఫ్ట్ ఎక్కే ముందు నీళ్లు తాగడం మానేస్తారు. వేసవిలో బాయిలర్ దగ్గరవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. మా దగ్గర శ్రీకాకుళం కుర్రాళ్లు చాలామంది, ఉద్దానం వైపు కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. అక్కడ కిడ్నీ జబ్బు ప్రతి వీధికీ తెలుసు, కారణం ఇదీ అని ఇప్పటికీ ఒక్క మాటలో తేల్చలేకపోయారు. నాన్నకో చిన్నాన్నకో డయాలసిస్ జరుగుతున్న ఇంట్లోంచి వచ్చిన కుర్రాడు ఇక్కడ పూటంతా నీళ్లు లేకుండా గడుపుతుంటే చూస్తూ ఊరుకోలేం. రెండు గంటలకోసారి బ్రేక్, మనిషి స్థానంలో రిలీవర్, ఇది అడుగుతున్నాం. ఇంకా రాలేదు. అదనంగా ఒక మనిషి కావాలి అనగానే ఫైలు ఆగిపోతుంది. వాళ్లకి ఏడాదికోసారి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష మాత్రం ఒప్పించాం.

మగాళ్లు అసలే మాట్లాడుకోని విషయం ఒకటుంది, పిల్లలు పుట్టకపోవడం. 1977లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని లాత్రాప్ అనే ఊళ్లో డీబీసీపీ అనే పురుగుమందు తయారుచేసే ప్లాంట్‌లో వర్కర్లు తమలో తాము మాట్లాడుకుంటూ, పెళ్లై ఏళ్లైనా మనలో ఎవరికీ ఈ మధ్య పిల్లలు పుట్టలేదేంటి అని గమనించారు. పరీక్షలు చేయిస్తే చాలామందిలో వీర్యకణాలు బాగా తక్కువ, కొందరిలో అసలు లేవు. కారణం వాళ్లు రోజూ ముట్టుకునే ఆ రసాయనమే అని తేలింది. 1979కల్లా అక్కడ దాని వాడకాన్ని దాదాపు ఆపేశారు. ఆ ప్రమాదాన్ని ముందు కనిపెట్టింది మనసు విప్పి మాట్లాడుకున్న మనుషులు, సైరన్లు కావు, మీటర్లు కావు. మన దగ్గర అయితే ఆ నింద ఇంట్లో ఆడమనిషి మీద పడి ఉండేది, అత్తగారు గుళ్లచుట్టూ తిప్పేది, మొగుడు ఏ బ్లాకులో ఏం పీలుస్తున్నాడని ఎవరూ అడిగేవాళ్లు కాదు. హార్మోన్ల మందులు, సీసం, కొన్ని రకాల సాల్వెంట్లతో పనిచేసేవాళ్లు ఈ విషయం డాక్టర్‌తో తప్పకుండా మాట్లాడాలి. తను ముట్టుకునే రసాయనం ఏంటి, ఒంటికి ఏం చేస్తుంది అన్నది ఎంఎస్‌డీఎస్ కాగితంలో ఉంటుంది, అది ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పమని అడగొచ్చు. మా దగ్గర తెలుగు కాగితాలు తయారవుతున్నాయి, నేనే కొన్ని రాస్తున్నా, హెల్పర్లకి చదివి వినిపించి అర్థం కాని మాటలు మారుస్తున్నా.

మనసు గురించి రాయడం నాకు చేతకాదు గానీ వదిలేయనూ లేను. దేశంలో 2022లో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క, నూటికి 70 మందికి పైగా మగాళ్లే, మొత్తంలో నాలుగో వంతు కంటే ఎక్కువ రోజుకూలీలు. లోన్ యాప్‌ల ఫోన్లు షిఫ్ట్ టైంలో కూడా వస్తుంటాయి మా కుర్రాళ్లకి, మొహం చూస్తే తెలిసిపోతుంది. ఆ టెన్షన్‌లో ఉన్న మనిషి వాల్వు తప్పు తిప్పితే అది అతని ఒక్కడి సమస్యగా ఉండదు. 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, టెలి మానస్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబర్ మా ఐడీ కార్డుల వెనక ప్లాంట్ ఎమర్జెన్సీ నంబర్ కిందే ముద్రించాం.

కొత్త కోడ్ ప్రకారం 40 దాటిన వర్కర్లకి యజమాని ఏడాదికోసారి ఉచితంగా ఆరోగ్య పరీక్షలు చేయించాలి. కాంట్రాక్ట్‌లో ఉన్నా అడగండి. కాంట్రాక్టర్ మాకు తెలియదంటే కంపెనీని అడగండి, ఒక్కరే వెళ్లొద్దు, నలుగురు కలిసి వెళ్లండి. పరీక్షల్లో బీపీ, షుగర్, ఈసీజీ, క్రియాటినిన్, నోటి పరీక్ష ఉన్నాయో లేదో చూసుకోండి. బరువు, ఎత్తు, కళ్లు చూసి సంతకం పెట్టించుకుని పంపేస్తే అది పరీక్ష కాదు. యాభై దాటి రాత్రిళ్లు మాటిమాటికీ మూత్రానికి లేవాల్సి వస్తుంటే, ధార సన్నబడితే, సిగ్గుపడకుండా ప్రోస్టేట్ గురించి అడగండి.

మా తర్వాతి మాక్ డ్రిల్ నైట్ షిఫ్ట్‌లో. రాత్రి డాక్టర్ ఉండరు, సగం మంది ఇన్‌చార్జులు ఉండరు, ఉన్నవాళ్లకి నిద్రమత్తు. ఈసారి లీకుతో పాటు ఒక మనిషికి గుండె ఆగినట్టు కూడా పెడుతున్నాం. పక్కనున్నవాడు ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్లు దిగేలా నొక్కుతూ ఉండాలి, ఇంకొకడు గుండెకి షాక్ ఇచ్చే ఏఈడీ పెట్టె తేవాలి, మూడోవాడు గేటు దగ్గరకెళ్లి అంబులెన్సుకి దారి చూపించాలి. ఆ మూడు పనులూ కాంట్రాక్ట్ కుర్రాళ్లకే నేర్పిస్తున్నాం, ఎందుకంటే రాత్రి పూట పక్కన ఉండేది వాళ్లే. బొమ్మ మీద నొక్కడం నేర్పేది ఎవరనుకున్నారు, ఆ రోజు ఆపరేటర్ మాట వినకుండా చార్జింగ్ ఆపించిన ఆ హెల్పర్. అతనికి ఇప్పుడు ఎమర్జెన్సీ టీమ్ అలవెన్సు కూడా ఇస్తున్నారు.